రెడ్డెమ్మ పేరు మీద పరీక్ష

పామురాయిపల్లిలో రామలక్ష్మమ్మ అంత సిగ్గరి ఇంకొకతె లేదు. జ్వరమొస్తే తలుపు చాటున నిలబడి చెయ్యి మాత్రం బయటికి చాపేది. ఆర్‌ఎంపీ మద్దిలేటి ఆ చేతి నాడి చూసి, సూది కూడా ఆ చేతికే వేసి పోయేవాడు. కాన్పులన్నీ నడింట్లోనే అయ్యాయి. మంత్రసాని సైతం కప్పిన చీర కింద తడుముకుంటూ పని కానిచ్చిందే తప్ప కళ్ళారా చూసింది లేదు. గార్లదిన్నె ఆసుపత్రికి పోదామని మొగుడంటే "సచ్చినా ఈడనే సస్తా" అనేది. అంతా సిగ్గే అనుకుంటే పొరపాటు, అందులో పెద్దింటి గర్వం కూడా కొంత కలిసి ఉండేది. రెడ్డెమ్మ అంటే ఊరి కంట పడకూడని మనిషి అని అత్త నేర్పింది, ఈమె బుద్ధిగా నేర్చుకుంది.

అట్లాగని చెడ్డమనిషి కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, చివరికి వచ్చేసరికి ఆమె మీద మండిపోయేవాళ్ళు ఉంటారు కాబట్టి. కూలికి వచ్చినవాళ్ళకు ఆమె పెట్టే సంగటి ముద్ద ఊళ్ళో అందరి ముద్దకంటే పెద్దది. వాన మొహం చాటేసి, వేసిన శెనక్కాయ చేలోనే మాడిపోయిన సంవత్సరాల్లో కూడా ఆ ముద్ద చిన్నది కాలేదు. ఆమె మొగుడు రాఘవేంద్రరెడ్డికి మెట్టపొలం చాలానే ఉంది, దాంట్లో నీళ్ళు పడని బోర్లు కూడా చాలానే ఉన్నాయి. ఉన్న ఆశంతా ఒకటే, సర్పంచి కావాలని.

ఆ ఇంటికి వచ్చే కూలివాళ్ళలో హనుమంతమ్మ లెక్క వేరు. వంక అవతల కొట్టాల్లో, గుడిసెల వాడలో ఉండేది. మొగుడు తిప్పయ్య గొర్రెలు కాస్తాడు. ఒక్కతే కూతురు రేఖ, దాన్ని విడపనకల్లు పక్కన ఒక పల్లెకు ఇచ్చి చేసింది. హనుమంతమ్మకు నోరూ ఎక్కువే, నవ్వూ ఎక్కువే. విత్తనాలకు కాయలు వలిచే రోజుల్లో వసారా నిండా ఆడవాళ్ళు కూర్చుంటే, ఆమె మాటలకు నవ్వలేక చేతిలో కాయలు జారవిడిచేవాళ్ళు. రామలక్ష్మమ్మ నడింటి గడప లోపల కూర్చుని వినేది. గడప దాటి వాళ్ళ మధ్య కూర్చున్నది ఏనాడూ లేదు గానీ, హనుమంతమ్మ రాని రోజు ఆమెకు అన్నం సయించేది కాదు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒడ్డూ పొడుగూ. వయసు కూడా అటూ ఇటుగా ఒకటే, నలభైకి దగ్గర.

రెండువేల సంవత్సరం వేసవిలో ఊళ్ళోకి ఒక జీపు వచ్చింది. అందులోంచి డాక్టరు పద్మప్రియ, నర్సు లక్ష్మీప్రసన్న దిగారు. ఎక్కడో దూరాన ఉన్న పెద్దాసుపత్రివాళ్ళు ఆడవాళ్ళ జబ్బుల మీద పరిశోధన చేస్తున్నారట. బడి వరండాలో మగవాళ్ళను ఒకవైపు, ఆడవాళ్ళను ఒకవైపు కూర్చోబెట్టి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. గర్భసంచి మూతి దగ్గర కేన్సరు వస్తుంది. వచ్చేముందు ఏండ్ల తరబడి ఒక మచ్చలాగా ఉంటుంది, నొప్పి ఉండదు, మనిషికి తెలియదు. దూదితో ఒక పుల్లటి మందు అద్దితే ఆ చోటు తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. అప్పుడే చల్లటి గ్యాసు పెట్టి మాడ్చేస్తే అంతటితో పోతుంది. వదిలేస్తే నాలుగైదేండ్లకు మనిషినే తీసుకుపోతుంది.

"ఇంత చిన్న పరీక్షతో చావులు తగ్గుతాయని మా నమ్మకం. నమ్మకం చాలదు, తేల్చుకోవాలి. అందుకే ఊళ్ళను రెండు భాగాలు చేసినాం," అంది డాక్టరమ్మ.

భాగాలు చేసింది చీటీలు తీసి. చీటీ తగిలిన ఊళ్ళలో పరీక్ష చేస్తారు. తగలని ఊళ్ళలో జబ్బు గురించి చెప్పి వస్తారు, పరిశోధన ముగిశాక అక్కడా చేస్తారు. కొన్నేండ్ల తర్వాత రెండు వైపులా ఎవరు బతికారు, ఎవరు పోయారు అని చూస్తారు. పామురాయిపల్లికి చీటీ తగిలింది. వంక అవతల కొట్టాలు వేరే పంచాయతీ కిందికి వస్తాయి కాబట్టి వాటికి తగల్లేదు. శాస్త్రానికి రెండు వైపులూ కావాలి, అది అబద్ధమేం కాదు. వంకకు ఏ వైపున కాపురముంటున్నామన్నది ఒక ఆడమనిషి ప్రాణానికి సంబంధించిన సంగతి అవుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

చీటీ తగిలిన ఊరి ఆడవాళ్ళు సంతోషించారా అంటే అదీ లేదు. గర్భసంచి తీసేస్తారంట, ఆపరేషన్ చేసి పంపిస్తారంట అని చెవులు కొరుక్కున్నారు. ఒక్కతె కూడా పేరు చెప్పలేదు. నర్సమ్మ మొహం వాడిపోయింది. అప్పుడు రాఘవేంద్రరెడ్డి లేచి నిలబడ్డాడు. మరుసటి సంవత్సరం పంచాయతీ ఎలక్షన్లు, ఊరంతా ఎదురుగా కూర్చుని ఉంది, అంతకు మించిన సందర్భం ఆయనకు మళ్ళీ దొరకదు.

"ఎవురూ భయపడాల్సిన పని లేదప్పా. రేపు పొద్దున మొదట మా ఇంట్లో ఆడమనిషే వస్తాది. ఆయమ్మను చూసినాక మీ ఆడోళ్ళను పంపించండి," అన్నాడు.

ఆ మాట రామలక్ష్మమ్మకు చేరేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉంది. చేతిలో తెడ్డు అట్లాగే ఉండిపోయింది.

"నేను పోను. నన్ను నరికి పోగులేసినా పోను," అంది మొగుడితో.

"ఊరి ముందర మాటిచ్చినా. నువ్వు రాకపోతే నా తల యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు ఆయన, పంచె దులుపుకుని బయటికి పోయాడు. ఆయన దృష్టిలో ఆ సంగతి అక్కడికి తీరిపోయింది.

రామలక్ష్మమ్మ ఏడ్చింది. తర్వాత ఆలోచించింది. సాయంత్రం కూలివాళ్ళంతా పోయాక హనుమంతమ్మను ఆపి నడింట్లోకి పిలిచింది. ఆ గడప దాటి లోపలికి రావడం హనుమంతమ్మకు అదే మొదలు.

"నా బదులు నువ్వు పోతావా మే?"

హనుమంతమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో రెడ్డెమ్మా, నన్ను జూసి రెడ్డిసాని అని ఎవురన్నా అనుకుంటారా? కాళ్ళు చూస్తే సాలు, తెలిసిపోతాది."

"వాళ్ళు పరాయూరోళ్ళు, మనల్ని ఎప్పుడు చూసినారు? నా చీర కట్టుకో. తల మీద నుంచి మొహం మీదికి కొంగు లాక్కో. అందరికంటే ముందు పోయి ఎనక వాకిట్లో నుంచి వచ్చేయ్. నా మొహం ఊళ్ళో ఎవురు చూసినారని గుర్తుపడతారు?"

అది నిజమే. అన్నేండ్ల సిగ్గు ఇప్పుడు అక్కరకు వచ్చింది.

హనుమంతమ్మ నవ్వు ఆపి, కాస్త తగ్గి అడిగింది. "నాక్కూడా చూపించుకోవల్లనే ఉండాది రెడ్డెమ్మా. మా కొట్టాలోళ్ళకు చూడరంట గదా. మాయమ్మ ఇట్లనే ఏదో రోగంతో రక్తం పోయి పోయి సచ్చిపోయినాది. మీ పేరు మీదనైనా నన్ను చూస్తే మంచిదే గదా?"

"మంచిదే మే," అంది రామలక్ష్మమ్మ. ఇద్దరికీ మేలు జరుగుతోందని ఆ క్షణంలో నిజంగానే నమ్మింది. తిప్పయ్యకు కూడా చెప్పనని హనుమంతమ్మ చేత దీపం ముందు ఒట్టు వేయించుకుంది.

తెల్లారి మెరూన్ రంగు ధర్మవరం చీర కట్టుకుని, కొంగు గడ్డం దాకా లాక్కుని, పెరటి దారిన ఒక ఆడమనిషి బడికి పోయింది. మర్రోజు దాకా ఊళ్ళో అదే మాట, రెడ్డెమ్మ వచ్చిందంట, చూపించుకుందంట అని. బడి ముందర మగవాళ్ళతో నిలబడి రాఘవేంద్రరెడ్డి మీసం సవరించుకున్నాడు. ఆయన దూరం నుంచి చూసింది భార్య చీరను, భార్యను కాదు. ఆ రోజు ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చారు.

హనుమంతమ్మ తిరిగి వచ్చి చీర మడతపెడుతూ చెప్పింది. "ఏం లేదు రెడ్డెమ్మా, రవ్వంత మంట. నర్సమ్మ చూసి డాక్టరమ్మను పిలిచినాది. ఇద్దరూ చూసినారు. యాడో చీమ కుట్టినట్ల చిన్న ముక్క గిల్లి తీసుకున్యారు. పో అమ్మా, మేమే ఇంటికొచ్చి చెప్తామన్యారు."

పదిహేను రోజులు పోయాక జీపు నేరుగా ఇంటి ముందు ఆగింది. డాక్టరమ్మ వసారాలో కూర్చుని రాఘవేంద్రరెడ్డితో మాట్లాడింది. పెద్దింటి ఆడమనిషి, మొగుడితో చెప్తే మర్యాదగా ఉంటుందని అనుకుంది కాబోలు. రామలక్ష్మమ్మ తలుపు వెనక నిలబడి ప్రతి మాటా విన్నది. మచ్చ ఉంది. ముక్క పరీక్షలో కూడా తేలింది. ఇంకా కేన్సరు కాలేదు, కానీ ఆ దారిలో చాలా దూరం పోయి ఉంది. వచ్చే వారం అనంతపురం తీసుకొస్తే ఒక్క పూటలో మాడ్చేసి పంపిస్తాం, భయం లేదు, ఆలస్యం మాత్రం చేయొద్దు.

తలుపు వెనక రామలక్ష్మమ్మకు ముందు కలిగింది సంతోషం. దాన్ని ఇంకో పేరు పెట్టి పిలవడానికి లేదు. తనది కాదు, తనకు రాలేదు! ఆ సంతోషం గుండెల్లో దిగబడ్డాక, దాని వెనకే రెండో మాట వచ్చింది. అయితే అది హనుమంతమ్మది.

చెప్పేద్దామనే అనుకుంది. డాక్టరు వెళ్ళాక మొగుడు లోపలికి వస్తే, "ఏమయ్యా, ఒక మాట," అని మొదలు కూడా పెట్టింది. చూస్తే ఆయన కళ్ళనిండా నీళ్ళు. పెండ్లయిన ఇన్నేండ్లలో పగటిపూట ఆమె చెయ్యి పట్టుకోని మనిషి, ఇప్పుడు రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు లేకుంటే ఈ ఇల్లు ఇల్లేనా? నిన్ను ఈ జీపు డాక్టర్ల చేతుల్లో పెట్టను. బెంగుళూరుకు పోదాం," అన్నాడు. తన కోసం ఒక మనిషి అట్లా ఏడవడం ఆమెకు కొత్త. ఆ ఏడుపు అబద్ధం మీద కట్టిందని చెప్పి కూలగొట్టడానికి నోరు రాలేదు. బెంగుళూరు పోయి వచ్చాక చెబుదాంలే అనుకుంది.

బెంగుళూరులో, ఏ బల్ల మీద పడుకోవడానికి భయపడి ఇంత చేసిందో ఆ బల్ల మీదే పడుకోవాల్సి వచ్చింది. కళ్ళు మూసుకుని పండ్లు బిగబట్టింది. అక్కడి పెద్ద డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, మచ్చా లేదు మన్నూ లేదు, పసిపిల్లలాగా ఉందని చెప్పి పంపించింది. తిరుగుదారిలో లేపాక్షిలో దిగి వీరభద్రుడికి టెంకాయలు కొట్టారు. గుడి బయట మెట్ల మీద కూర్చున్నప్పుడు చెప్పాలని మళ్ళీ నోరు తెరిచింది. ఆయన కొబ్బరి ముక్క ఆమె చేతిలో పెట్టి, "చూసినావా, వాళ్ళంతా దొంగనాయాళ్ళు," అని గట్టిగా నవ్వాడు. ఆమె కొబ్బరి ముక్క తిన్నది.

ఊరికి వచ్చిన మరునాడు, మిగిలిన ఆడవాళ్ళను చూడడానికి జీపు మళ్ళీ వచ్చి ఉంటే, రాఘవేంద్రరెడ్డి బడి దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగా డాక్టరమ్మను నిలబెట్టి కడిగేశాడు. "బంగారట్లాంటి ఆడమనిషికి రోగముండాదని చెప్తారా? బెంగుళూరు డాక్టర్లు ఏం లేదన్యారు. మీ పుల్లనీళ్ళు తీసుకోని మీరు పోండి. మా ఆడోళ్ళ మీద వాడద్దండి."

డాక్టరమ్మ తెల్లమొహం వేసింది. ముక్క పరీక్ష అట్లా తప్పడానికి లేదని ఆమె అంటుండగానే మగవాళ్ళ గోలలో ఆ మాట కొట్టుకుపోయింది. మిగిలిన ఆడవాళ్ళు ఒక్కరూ పరీక్షకు రాలేదు. ఊళ్ళో సగం మందిని చూడకుండానే జీపు వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్పాలంటే రామలక్ష్మమ్మ చెప్పవలసిన దాని బరువు మొదటికంటే ఎన్నో రెట్లయింది. మొగుడు ఊరి ముందు అబద్ధాలకోరవుతాడు. ఎలక్షన్లు పోతాయి. రెడ్డెమ్మ చీర కట్టుకుని కూలిమనిషి పోయిందని గార్లదిన్నె దాకా నవ్వుకుంటారు. వీటన్నిటికీ ఎదురుగా ఒక ప్రాణముంది. తూకంలో ఏది ఎక్కువో ఆమెకు తెలియక కాదు. తెలిసీ నోరు పెగల్లేదు, అదే ఆమె పాపం.

ఒకరోజు సంగటి పెట్టించుకుంటూ హనుమంతమ్మే అడిగింది. "రెడ్డెమ్మా, ఆ పొద్దు నన్ను చూసినాక ఏమన్యారంట? ఊళ్ళో ఏందేందో అనుకుంటాండారు."

"బాగుండాదన్యారు మే," అంది రామలక్ష్మమ్మ. అడక్కుండానే ఇంకో ముద్ద పెట్టింది.

"వాళ్ళు చెప్పింది తప్పంట గదా?"

"తప్పే. వాళ్ళకేం తెలీదు. నీకేం లేదు, నువ్వు బాగుండావు."

హనుమంతమ్మ నవ్వుకుంటూ తింది. లోపల రామలక్ష్మమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని చెంపలు వేసుకుంది. మరుసటి వారం మద్దిలేటిని పిలిపించి, తెల్లబట్టకు మందిమ్మని హనుమంతమ్మను చూపించింది. ఆయన బలానికి ఎర్రటి టానిక్కు ఇచ్చాడు. దానితో ఏదో చేసినట్టు తన మనసుకు తానే చెప్పుకుంది. ప్రాణం తీసే మచ్చకు టానిక్కు!

రాఘవేంద్రరెడ్డి సర్పంచి అయ్యాడు. ఆ తర్వాత వరసగా వానల్లేవు. శెనక్కాయ ఊడలు దిగకుండానే ఎండిపోయింది, కూలిపనులు తగ్గాయి, కొట్టాల్లో సగంమంది బెంగుళూరు దారి పట్టారు. హనుమంతమ్మ ఎక్కడికీ పోలేదు. మచ్చ సంగతి రామలక్ష్మమ్మ మరిచిపోయిందా అంటే, ప్రతి ఉదయమూ వసారాలో ఆ గొంతు వినబడేదాకా ఆమె కాఫీ తాగేది కాదు. వినబడ్డాక, ఈ రోజుకు ఏం లేదు అనుకునేది. డాక్టర్లది నిజంగానే తప్పేమో అని కూడా అనుకునేది. అనుకోవాలని చాలా కష్టపడేది.

మూడేండ్లకు నర్సు లక్ష్మీప్రసన్న మళ్ళీ వచ్చింది. అప్పట్లో మచ్చ కనిపించి వైద్యం చేయించుకోనివాళ్ళను తిరిగి చూడాలట. ఇంట్లో రెడ్డి లేని సమయం చూసి, బతిమాలి మంచం మీదే చూసింది. బెంగుళూరు తర్వాత రామలక్ష్మమ్మకు ఆ సిగ్గు చచ్చిపోయింది. నర్సమ్మ లేచి నిలబడి ఆశ్చర్యంగా నవ్వింది.

"మచ్చ మాయమైపోయినాదమ్మా! ఒక్కొక్కరికి దానంతట అదే పోతాదని డాక్టరమ్మ చెప్తాంటుంది. మీరు అదృష్టవంతులు. మీ సంగతి మా లెక్కలో రాయాల్సిందే," అంది.

ఆ విధంగా రామలక్ష్మమ్మ శాస్త్రంలోకి కూడా అబద్ధంగానే ఎక్కింది. నర్సమ్మ ఆ వింతను ఊళ్ళో నలుగురికీ చెప్పింది. కొట్టాల్లో కూడా చెప్పి పోయింది. రామలక్ష్మమ్మ అప్పుడైనా నర్సమ్మ కొంగు పట్టుకుని ఆపి ఉంటే ఏమయ్యేదో. ఆపలేదు.

మరుసటి సంవత్సరం కాయలు వలిచే రోజుల్లో, వసారాలో ఆడవాళ్ళు హనుమంతమ్మ పక్కనుంచి కొంచెం కొంచెం జరిగి కూర్చోవడం రామలక్ష్మమ్మ గడపలోంచి గమనించింది. హనుమంతమ్మ దగ్గర వాసన వస్తోంది. ఆమె నవ్వించడం మానేసింది. లేచి పోతే కూర్చున్న గోనెసంచి మీద రక్తపు మరక ఉంది. రామలక్ష్మమ్మ ఆ సంచిని తానే తీసుకుపోయి పెరట్లో కాల్చేసింది.

ఆ వారమే ఆమె మొగుడితో కొట్లాడి, కారు మాట్లాడించి, హనుమంతమ్మను అనంతపురానికీ, ఆ తర్వాత బెంగుళూరుకూ వెంటబెట్టుకుని తీసుకుపోయింది. కూలిమనిషి కోసం రెడ్డెమ్మ గడప దాటిందని, కారులో పక్కన కూర్చోబెట్టుకుందని ఊరు మెచ్చుకుంది. ఆ మెప్పు ఆమెకు కారం రాసినట్టుగా ఉండేది. డాక్టర్లు అంతటా ఒకే మాట చెప్పారు. చాలా ఆలస్యమైంది, కిడ్నీల దాకా పాకింది, ఇంటికి తీసుకుపోయి నొప్పి లేకుండా చూసుకోండి.

సంగతి తెలిసి నర్సమ్మ కొట్టాలకు వచ్చింది. తిరిగి పోతూ రామలక్ష్మమ్మ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "ఏం చేస్తామమ్మా, ఆ కొట్టాలు చీటీలో మాకు తగల్లేదు. వంక ఈ పక్క మీ ఊళ్ళో ఉండింటే ఈమెను అప్పుడే పట్టిండేవాళ్ళం. ఒక్క పూట పని. బతికిండేది."

రామలక్ష్మమ్మ ఇంక కూర్చోలేకపోయింది. నర్సమ్మ పోయిన వెంటనే ఎర్రటి ఎండలో, చెప్పుల్లేకుండా, ముసుగు లేకుండా వంక దాటి కొట్టాలకు నడిచింది. తిప్పయ్య గొర్రెల వెంట పోయాడు. తల్లిని చూసుకోవడానికి వచ్చిన రేఖ నీళ్ళకు పోయింది. గుడిసెలో మంచం మీద హనుమంతమ్మ ఒక్కతే ఉంది. ఒకప్పుడు తనంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టు ఉంది.

"నీకొక మాట చెప్పల్ల మే," అంది రామలక్ష్మమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంటూ.

"అయ్యో, కింద కూర్చుంటిరే రెడ్డెమ్మా."

"ఉండనీ. ఆ పొద్దు జీపులో డాక్టరమ్మ వచ్చి చెప్పింది నా గురించి గాదు, నీ గురించి. మచ్చ నీలో చూసినారు. నాకు తెలుసు. తెలిసి గూడా..."

హనుమంతమ్మ కళ్ళు మూసుకుని విన్నది. "అది నాకూ తెలుసు రెడ్డెమ్మా," అంది.

రామలక్ష్మమ్మ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"మీ చీర కట్టుకోని పోయినా. లోపల రామలక్ష్మమ్మా అని పిలిస్తే ఊ అని పలికినా. మీకు రావాల్సింది, ఊ అన్న నన్ను పట్టుకున్యాది. మీకాడ మాయమై పోయినాదని నర్సమ్మ చెప్పినప్పుడే నాకు తెలిసిపోయినాది. యాడికి పోతాది? నా కాడికే వచ్చినాది. ఎవురికీ చెప్పలే, మీరు బాధపడతారని."

"కాదే! నాకెప్పుడూ రాలేదు. మొదట్నుంచీ నీదే అది. బాగుండాదని నీతో అబద్ధం చెప్పినా. దాచిపెట్టినా. నా నోరు మూసుకోని నిన్ను సంపుకున్యా. ఆ పొద్దే చెప్పింటే నువ్వు బతికిందువు మే!" రామలక్ష్మమ్మ తల మంచంపట్టెకు కొట్టుకుంటూ ఏడ్చింది. అన్నేండ్లు గొంతులో పెట్టుకున్నదంతా ఒక్క దెబ్బకు బయటికి వచ్చింది.

హనుమంతమ్మ చెయ్యి కదిలించి ఆమె తల మీద పెట్టింది. మొహంలో ఎప్పటి నవ్వో ఒక తునక కనిపించింది.

"మీరట్లనే అంటారులే. నా మనసు నొచ్చుకుంటాదని అంతా మీ మీదేసుకుంటాండారు. మీ సంగటి తిని పెరిగిన ఒళ్ళు ఇది, నాకు తెల్దా మీ మనసు?"

"నిజం చెప్తాండా మే. నమ్మవే నన్ను."

"ఊరుకోండి రెడ్డెమ్మా. మీకోసరం పోతాండా అనుకుంటే నాకు రవ్వంత సులువుగా ఉండాది. ఉత్తపుణ్యానికి పోతాండా అంటే మాత్రం నేను ఓర్చుకోలేను."

ఆ మాటతో రామలక్ష్మమ్మ ఏడుపు ఆగిపోయింది. చావబోయే మనిషి దగ్గర ఆ ఒక్కటే మిగిలి ఉంది. ఇప్పుడు నిజం చెప్పి దాన్ని కూడా లాక్కోవాలా? ఇన్నేండ్లు తన కోసం అబద్ధమాడింది. హనుమంతమ్మ ఎముకల చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"అవును మే. నాదే. నా రోగం నువ్వు తీసుకున్యావు," అంది.

"చూసినారా," అంది హనుమంతమ్మ తృప్తిగా, అటు తిరిగి పడుకుంది.

విత్తనాలు పడకముందే ఆమె పోయింది. పోయేముందు మొగుడికీ కూతురికీ అంతా చెప్పి పోయింది, ఏ మాట ఎట్లా నమ్మిందో అట్లాగే. కొట్టాల నుంచి ఆ సంగతి వంక దాటి సర్పంచి చెవిన పడింది. రాఘవేంద్రరెడ్డి ఇంటికొచ్చి నడింట్లో నిలబడి, "ఆ పొద్దు బడికొచ్చింది నువ్వు గాదా?" అని అడిగాడు. "కాదు," అంది రామలక్ష్మమ్మ. ఆయనకు అంతా అర్థమైంది. బడి ముందు తాను అరిచిన అరుపులు, వెళ్ళిపోయిన జీపు, చూపించుకోకుండా మిగిలిపోయిన ఆడవాళ్ళు, అన్నీ. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. భార్యాభర్తలు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, నర్సమ్మకు చెప్పనూ లేదు.

దినాలు అయ్యాక తిప్పయ్యా రేఖా ఇంటికి వచ్చారు. రామలక్ష్మమ్మ ఈసారి గడప దాటి వసారాలోకి వచ్చి నిలబడింది. తిప్పయ్య దూరం నుంచే చేతులు జోడించాడు. రేఖ వచ్చి కాళ్ళ మీద పడింది. లేవదీయబోతే ఆ పిల్ల ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది, తల్లిని వెతుక్కుంటున్నట్టుగా.

"మాయమ్మ తన ఆయుస్సు మీకిచ్చి పోయినాది రెడ్డెమ్మా. మీరు నిండు నూరేండ్లు బతకల్ల," అంది.

రామలక్ష్మమ్మకు అప్పటికి ఇంకా యాభై కూడా రాలేదు.